ఇసుక నేల మీద నాలుగు రోజులు

పిల్లలకి సెలవులు రాగానే మన బెంగళూరు తెలుగు ఇళ్ళల్లో ఒకటే చర్చ. ఊటీయా, కొడైకెనాలా, కూర్గా? సముద్రమే చూడాలంటే గోవా. తిరుపతి సరేసరి, దాన్ని మనం ప్రయాణం కింద జమకట్టనే కట్టం. కానీ ఆ తిరుపతి దాటి ఇంకో మూడు వందల కిలోమీటర్లు వెళితే ఒంగోలుకీ బాపట్లకీ మధ్య, సముద్రాన్ని ఆనుకుని, ఒక ఇసుక సీమ ఉంది. ఇసుక అనగానే ఎడారి అనుకోకండి. తాటితోపులు, జీడిమామిడి తోటలు, గాలికి హోరుమనే సరుగుడు తోపులు, వాటి మధ్య మల్లెలూ కూరగాయలూ పండించే మడులు. అడవిలాగా ఉంటుంది, కాళ్ళ కింద మాత్రం పంచదారలాంటి ఇసుక. ఈ మార్చి మొదటి వారంలో మావారూ నేనూ కారులో ఆ సీమకి వెళ్ళి వచ్చాం. ఆ ముచ్చట్లే ఇవి.

మాది కాటన్‌పేట. చైత్ర పౌర్ణమి రాత్రి కరగ ఊరేగింపు వచ్చి ఆగే తవక్కల్ మస్తాన్ దర్గాకి నాలుగు సందుల అవతల మా ఇల్లు. మావారు పుట్టిందీ పెరిగిందీ అక్కడే. వాళ్ళ తాతగారి నాటి నుంచీ బట్టల వ్యాపారం. నేను వేటపాలెం దగ్గర పల్లెలో పుట్టి, 1989లో పెళ్ళయి ఈ పేటకి వచ్చినదాన్ని. ఇంట్లో ఇప్పటికీ రెండు తెలుగులు నడుస్తాయి. ఆయన "చానా బాగుండాది" అంటారు, నేను "చాలా బాగుంది" అంటాను. పిల్లలు రెండూ కలిపి, పైన కాస్త కన్నడం చల్లి మాట్లాడతారు.

ఈ ప్రయాణానికి ఒక పని కూడా ఉంది. నాన్నగారు పోయాక నా వాటాకి ఎకరం ఇరవై సెంట్ల ఇసుక నేల వచ్చింది. ముప్ఫై దాకా జీడిమామిడి చెట్లు, ఓ పక్క సరుగుడు, మధ్యలో ఒక దొరువు. మా పెదనాన్న గారి అబ్బాయి, అన్నయ్యే దాన్ని చూసుకుంటున్నాడు. సంక్రాంతికి ఫోను చేసి, "అమ్మాయ్, పక్కన నాలుగెకరాలు రొయ్యల చెరువుల వాళ్ళు తీసుకున్నారు. నీదీ అడుగుతున్నారు. మంచి రేటు. బావగారితో మాట్లాడి వచ్చి సంతకం పెట్టి వెళ్ళు" అన్నాడు. మాకూ డబ్బు అవసరమే. అంగడి అద్దె పెరిగింది, చిన్నవాడి చదువుకి తీసుకున్న బ్యాంకు అప్పు తీరలేదు. అమ్మేద్దామనే నేనన్నాను. "అమ్మేది ఎట్లా అమ్ముతాం గానీ, ముందు కళ్ళారా చూసి వద్దాం పా. పెళ్ళయినప్పటి నుంచీ రైల్లో పోయి రైల్లో వచ్చేదే అయింది" అన్నారు మావారు. అలా బయలుదేరాం.

ములబాగిలు మీదుగా

తెల్లవారుజామున నాలుగింటికి పేట దాటితే తప్ప హొసకోట చేరేసరికి ఎండెక్కుతుంది. ఈ సంగతి బెంగళూరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. కోలారు దాటి ములబాగిలులో ఆగి దోసె తిన్నాం. ములబాగిలు దోసె పేరు తెలియనివారు మనలో ఉండరు. ఆ ఊరు కన్నడ సాహిత్యానికి డి.వి. గుండప్ప గారిని ఇచ్చిన ఊరు కూడా. ఆయన 1887లో అక్కడే పుట్టారు. హోటల్లో మాత్రం చుట్టూ వినిపించింది సగానికి సగం తెలుగే. నంగలి దగ్గర రాష్ట్రం మారిందని బోర్డు చెబుతుంది గానీ మాట ఎక్కడ మారిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పలమనేరు దాటాక మొగిలి ఘాటు దిగుతుంటే గాలి మారుతుంది. బెంగళూరు చల్లదనం అక్కడితో సరి. చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి కలకత్తా-మద్రాసు రహదారి ఎక్కాం. పాత రోజుల్లో అయిదో నంబరు రోడ్డు అనేవాళ్ళం, ఇప్పుడది 16. ఆ రాత్రి నెల్లూరులో మజిలీ. మర్నాడు ఒంగోలు దాకా రోడ్డు బాణంలా ఉంటుంది, చెప్పుకోవడానికేమీ లేదు. ఒంగోలులో కుడివైపు తిరిగి 216 నంబరు రహదారి పట్టుకుంటే అసలు ప్రయాణం మొదలవుతుంది.

ఓడలు వచ్చిన ఊరు

ఆ దారిలో మొదట కనిపించేవి చినగంజాం ఉప్పు కొఠారులు. తెల్లటి గుట్టలు, వాటి పక్కన తాటాకు కప్పులు. ఉప్పు మళ్ళు అయ్యాక సముద్రం వైపు లోపలికి తిరిగితే మోటుపల్లి వస్తుంది. ఇప్పుడు చూస్తే చిన్న పల్లె. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇది కాకతీయుల ప్రధాన రేవు. ఇక్కడి గుడి దగ్గర గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకు ముందు రాజులు గాలివానకి ఒడ్డున పడిన ఓడల సరుకంతా జప్తు చేసుకునేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ముప్ఫైలో ఒక వంతు సుంకం తప్ప ఇంకేదీ తీసుకోమని సముద్ర వర్తకులకి రాతి మీద మాట ఇచ్చాడు. తరవాత రుద్రమదేవి కాలంలో ఈ తీరం గురించి మార్కోపోలో రాశాడు. ఇక్కడి సన్నని నూలు బట్టని సాలెగూడుతో పోల్చాడు.

మావారు బట్టల వ్యాపారి కదా, ఆ మాట చెప్పగానే కారు దిగి ఆ ఇసుకలో కాసేపు అటూ ఇటూ తిరిగారు. "మేము కాటన్‌పేటలో గొప్పగా వ్యాపారం అని కూచుంటాం. ఈళ్ళు అప్పుడే దేశాలకి పంపినారు" అన్నారు.

మరి ఈ ఇసుకంతా ఎక్కడిది? కొన్ని వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా లోపలికి ఉండేది. కృష్ణ, గుండ్లకమ్మ వంటి నదులు తెచ్చిన ఇసుకని అలలు ఒడ్డుకి తోస్తే, గాలి దాన్ని దిబ్బలుగా పేర్చింది. సముద్రం మెల్లగా వెనక్కి తగ్గిన కొద్దీ ఒక దిబ్బ ముందు ఇంకో దిబ్బ, ఒడ్డుకి సమాంతరంగా వరసలు కట్టాయి. అందుకే ఇక్కడ ఊళ్ళన్నీ మిట్ట మీద పొడుగ్గా ఉంటాయి, రెండు మిట్టల మధ్య పల్లంలో వరి పండుతుంది. కారులో సముద్రం వైపు అడ్డంగా వెళితే ఇసుక, వరి, ఇసుక, వరి అని చారల చీరలాగా కనిపిస్తుంది.

పరాయి చెట్లు, సొంత చెట్లు

ఈ ఇసుకని కదలకుండా పట్టి ఉంచేది చెట్లే. ఒడ్డుకి దగ్గరగా మేకగిట్టల్లాంటి ఆకులతో, ఊదా పూలతో పాకే తీగ, బంతుల్లా దొర్లే ముళ్ళ గడ్డి ఉంటాయి. ఆ గడ్డిని చిన్నప్పుడు రావణాసురుడి మీసాలు అనేవాళ్ళం. వాటి వెనక మొగలి పొదలు, ఆ వెనక సరుగుడు, తరవాత జీడిమామిడి, తాడి.

ఇందులో తాడీ మొగలీ మనవే. జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో తెచ్చిన చెట్టు. సరుగుడు ఇంకా కొత్తది. మన కర్ణాటకలోని కార్వారులో 1868 ప్రాంతంలో తొలిసారి నాటారని చెబుతారు. దాని వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకి ఇస్తాయి. అందుకే సారం లేని ఇసుకలో కూడా నాలుగైదేళ్ళకే కోతకి వస్తుంది. వెనకటికి రైలు ఇంజన్లకి పొయ్యికట్టెగా పోయేది. ఇప్పుడు కాగితపు మిల్లులకీ, ఇళ్ళు కట్టేచోట సారువలకీ పోతోంది. మన బెంగళూరులో లేచే మేడల చుట్టూ కట్టిన కర్రల్లో ఇలాంటి తీరాల సరుగుడు ఎంత ఉందో!

మేం వెళ్ళేసరికి జీడిమామిడి కాపు మొదలవుతోంది. ఎర్రవీ పసుపువీ పళ్ళు, వాటి కొసని బయటికి వేలాడే గింజ. బెంగళూరులో పెరిగిన మా పిల్లలు జీడిపప్పు కాయ లోపల ఉంటుందనే ఇప్పటికీ అనుకుంటారు. పండు తీపిగా, కాస్త వగరుగా ఉంటుంది, ఒకరోజు దాటితే పులిసిపోతుంది. అందుకే అది మన బజారుకి ఎన్నడూ రాదు. గింజ పైపెంకులో చేతులు కాల్చే జీడి ఉంటుంది. వేటపాలెంలో పప్పు కొట్టే ఆడవాళ్ళు చేతులకి నూనో బూడిదో పూసుకుని పనిచేయడం చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలొచ్చాయి. అయినా గుండు, బద్ద వేరుచేసే పని ఇప్పటికీ ఆడవాళ్ళ చేతి మీదే జరుగుతోంది. బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ తయారైన రకాలే ఈ తీరమంతా నాటుతున్నారు.

చెట్ల విలువ ఈ ఊళ్ళవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమని ముంచెత్తిన తుఫాను తీరం దాటింది మా చీరాల దగ్గరే. నాకప్పుడు పదేళ్ళు. ఉప్పెన అటు దివిసీమ వైపు లేచి సుమారు పదివేల మందిని మింగింది. మా వైపు గాలి. రాత్రంతా ఇంటి తలుపుకి మంచాలు అడ్డం పెట్టి నాన్నా పెదనాన్నా ఆనుకుని నిలబడ్డారు. తెల్లవారి చూస్తే వాకిట్లో మోకాలి లోతు ఇసుక. తోటల వెనకున్న ఇళ్ళు నిలిచాయి, ఎదురుగా ఉన్న ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. ఆ తరవాతే తీరం వెంబడి సరుగుడు నాటడం ఒక ఉద్యమంలా సాగింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన ఆంధ్ర తీరంలోనూ నూరుమందికి పైగా పోయారు. ఇంత చిన్న చెట్లు సునామీని ఆపుతాయా అని శాస్త్రవేత్తల్లో వాదన ఉంది గానీ, గాలినీ ఇసుకనీ అవి ఆపుతాయన్న దాంట్లో మాత్రం వాదన లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ మా అన్నయ్య ఫోనులో అన్నమాట అదే. "చెట్లు పడ్డాయమ్మాయ్, ఇల్లు నిలిచింది."

వేటపాలెం, చీరాల

వేటపాలెం వెళ్ళి సారస్వత నికేతనం చూడకుండా రావడం నాకు చేతకాదు. 1918లో మొదలైన గ్రంథాలయం అది. ఇప్పటి భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రని ఇప్పటికీ భద్రంగా దాచి చూపిస్తారు. పాత తెలుగు పత్రికలు వెతుక్కునే పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఈ ఊరికి వస్తారు. ఇసుక మిట్ట మీద ఓ చిన్న ఊరు, వందేళ్ళకి పైగా పుస్తకాలు పట్టుకుని కూర్చుంది. బెంగళూరులో మన సంఘాలకి ఓ బీరువా నిండా తెలుగు పుస్తకాలు నిలబెట్టుకోవడమే కష్టంగా ఉన్న సంగతి మీకందరికీ తెలుసు.

చీరాలలో మావారికి పని. మగ్గాల వాళ్ళని పలకరించాలని. చీరాల పేరు చెబితే ఒకప్పుడు తేలియా రుమాలు గుర్తొచ్చేది. నూలుని నూనెలోనూ ఆముదపు కాయల బూడిదతోనూ రోజుల తరబడి నానబెట్టి, ముడులు కట్టి రంగులద్ది నేసే గళ్ళ బట్ట. ఎండకి చల్లగా ఉంటుందని అరబ్బు దేశాల వాళ్ళు తలకి చుట్టుకోవడానికి కొనేవారు. ఇక్కడి నేత క్రమంగా ఆగిపోయి, ఆ విద్య నల్గొండ వైపు పుట్టపాకలో నిలిచింది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా పుట్టపాక పేరు మీదే. చీరాల, జాండ్రపేటల్లో చీరల మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి గానీ మునుపటి సందడి లేదు.

చీరాలకి ఇంకో కథ ఉంది. చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనమంతా ఇళ్ళు ఖాళీ చేసి ఊరి బయటికి వెళ్ళిపోయారు. రామనగరమని పేరు పెట్టుకుని పాకల్లో పదకొండు నెలలున్నారు. ఎండాకాలంలో ఆ ఇసుక కాలితే కాలు మోపలేం. అందులో పదకొండు నెలలు! స్కూల్లో నాలుగు మార్కుల ప్రశ్న కింద చదువుకున్న సంగతి, ఎండలో ఆ నేల మీద నిలబడితే గానీ అర్థం కాదు.

దొరువు నీళ్ళు

ఇక మా ఎకరం ఇరవై సెంట్ల దగ్గరికి వద్దాం.

దొరువు అంటే ఏమిటో కోస్తా ఇసుక ఊళ్ళ వాళ్ళకి తప్ప తెలియదు. బావి కాదు, చెరువూ కాదు. ఇసుకలో ఆరేడడుగుల లోతున, గరాటులా వాలుగా తవ్విన గుంట. ఒక పక్క నుంచి లోపలికి నడిచి దిగవచ్చు. సముద్రం అర మైలు కూడా ఉండదు, అయినా అందులో ఊరేవి మంచినీళ్ళు. రెండు చేతులా రెండు కుండలు ముంచి, పైకెక్కి, మిరప నారుకీ వంగ నారుకీ చల్లుకుంటూ పోయేవారు మా పెద్దవాళ్ళు.

ఇందులో కిటుకు చాలా సులువు. వానల నీళ్ళు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంటాయి. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్ళు ఉన్నాయంటే, దాని కింద దాదాపు నలభై అడుగుల మేర మంచినీళ్ళే ఉంటాయి. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఐరోపా ఇంజనీర్లు ఈ లెక్క తేల్చారు. కానీ లెక్క తిరగేస్తే భయం వేస్తుంది. మోటారు పెట్టి పై మట్టాన్ని ఒక అడుగు తగ్గిస్తే, కింది నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి ఎగబాకుతుంది. మీగడ మీగడలాగే తీసుకోవాలి, గరిటె లోతుగా దించకూడదు. లోతుగా తవ్వకుండా వెడల్పుగా తవ్విన మా తాతలకి ఈ లెక్క రాకపోయినా సంగతి తెలుసు. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసినవారు ఈ దొరువునే బాగుచేశారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, నీళ్ళు ఒక తొట్టిలోకి చేరేలా చేసి, మెల్లగా తోడే పద్ధతి పెట్టారు.

మేం వెళ్ళేసరికి మా దొరువులో నీళ్ళు కాస్త తగ్గి, తేటగా ఉన్నాయి. మావారు చెప్పులు విడిచి దిగి, దోసిట పట్టి తాగారు. మళ్ళీ తాగారు. "ఏమే, మన పేటలో వెయ్యి అడుగులు బోరు దింపినా దుమ్మే వస్తాది. ఈడ ఏడడుగులకి కావేరి నీళ్ళు మాదిరి ఉండాయే!" అన్నారు. 2024 ఎండాకాలంలో ట్యాంకరు కోసం రాత్రి రెండింటి దాకా కూర్చున్న మనిషి ఆయన.

పక్క తోటలో ఓ ముసలామె, నాకు వరసకి అత్తమ్మ అవుతుంది, ఉంటుంది. ఆమె దొరువు దగ్గరికి పిలుచుకు వెళ్ళింది. ఆవిడ నేలకి కొత్త రొయ్యల చెరువు గట్టు ఆనుకునే ఉంది. చెరువులోకి ఉప్పునీళ్ళు పెడతారు, ఇసుక నేల కాబట్టి అవి కిందికి ఇంకుతాయి. "రుచి చూడవే" అంది. చూశాను. ఉప్పు కషాయం. "రెండేళ్ళయింది. మిరప నారు పొయ్యడం మానేశాను. తాగడానికి డబ్బా నీళ్ళు కొంటున్నా" అంది. ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలేదు. వాన కురిసిందనో కురవలేదనో చెప్పినట్టు చెప్పింది.

అన్నయ్య వాదనా కొట్టిపారేసేది కాదు. రొయ్యల వల్ల ఎంతోమందికి కూలి దొరికింది, డాబాలు లేచాయి, పిల్లలు ఇంజనీర్లయ్యారు. టైగరు రొయ్య 1990 తరవాత వచ్చింది, 1994, 95ల్లో తెల్లమచ్చ రోగం వచ్చి చాలామంది మునిగారు, 2009 నుంచి వనామీ రకం వచ్చి మళ్ళీ లేచారు. చట్టాలూ ఉన్నాయి. 1991లో తీర ప్రాంత నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ గారు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీరాన రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో అనుమతులకి ప్రత్యేక చట్టం వచ్చింది. బురద నేలలో, అనుమతితో, నీళ్ళు శుద్ధిచేసి వదిలే చెరువు ఒక రకం. మంచినీళ్ళు మీగడ కట్టిన ఇసుక మీద చెరువు వేరే రకం. ఇసుక దేన్నీ ఆపదు.

ఆ రాత్రి అన్నయ్య ఇంట్లో భోజనాలయ్యాక మాట మొదలైంది. నేనింకా అమ్మాలనే ఉన్నాను, అప్పు గుర్తొచ్చి. మావారే అన్నారు, "బావా, అంగడి సంగతి నేను చూసుకుంటా. మా నేలలో ఉప్పు పోస్తే మాతో అయిపోదు. ఆ వెనక ఇంకా ఆరు తోటలుండాయి. ఆ దొరువులన్నీ పోతాయి." అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వు బెంగళూరులో కూచుని చెప్తావు బావా. ఇక్కడ కాపలా ఎవరు కాస్తారు?" అన్నాడు చివరికి. దానికి మా దగ్గర మంచి జవాబు లేదు. ఇకమీదట కాపు మొత్తం వాడే తీసుకోవాలనీ, సరుగుడు కోతకొచ్చినప్పుడు చెరి సగమనీ అనుకున్నాం. సంతకం పెట్టలేదు. వాడు ఒప్పుకున్నాడు గానీ సంతోషంగా ఒప్పుకోలేదు. బ్యాంకు అప్పు అలాగే ఉంది. ఉగాదికి అన్నయ్య ఫోను చేయలేదు, నేనే చేశాను.

బాపట్ల, సూర్యలంక

నాలుగో రోజు బాపట్ల చూసుకుని తిరుగుముఖం పట్టాం. భావనారాయణస్వామి పేరు మీద భావపురి, అదే బాపట్ల అయిందంటారు. మనలాంటి తెలుగు సంఘాల వాళ్ళు తప్పక తలచుకోవలసిన ఊరు ఇది. మొదటి ఆంధ్ర మహాసభ 1913 మే నెలలో బయ్యా నరసింహేశ్వర శర్మ గారి అధ్యక్షతన ఇక్కడే జరిగింది. తెలుగువారికి ఒక రాష్ట్రం ఉండాలన్న మాట సభకెక్కింది అప్పుడే. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945 నాటిది. మన బెంగళూరు ఇళ్ళల్లో వండుకునే సన్న బియ్యంలో ఎంతో భాగం బి.పి.టి. 5204 అనే సాంబమసూరి. 1986లో విడుదలైన ఆ వంగడం పుట్టింది ఈ బాపట్లలోనే. ఆ మూడక్షరాల అర్థం బాపట్లేనని మావారికి అప్పుడే తెలిసింది, ముప్ఫై ఏళ్ళుగా బస్తాలు మోయించుకొస్తున్నా.

సూర్యలంక ఒడ్డు బాపట్లకి తొమ్మిది కిలోమీటర్లు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్ళు గుడ్లని సేకరించి కంచె లోపల పొదిగిస్తారు. ఒక్కో తాబేలు నూరుకి పైగా గుడ్లు పెడుతుంది. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుందట. వేడెక్కిన ఇసుకలో ఆడపిల్లలు, చల్లటి ఇసుకలో మగపిల్లలు. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఆలోచించవలసిన సంగతే.

వెళ్ళదలచినవారికి

కాటన్‌పేట నుంచి చీరాలకి దాదాపు అయిదున్నర వందల కిలోమీటర్లు. ఒక్కరోజులో వెళ్ళవచ్చు గానీ యాభై దాటినవాళ్ళు నెల్లూరులోనో శ్రీకాళహస్తిలోనో ఆగడం మేలు. కారు లేనివారికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఒంగోలు, చీరాల, బాపట్ల మూడింటిలోనూ ఆగుతుంది.

వెళ్ళవలసింది డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, ఏప్రిల్ దాటితే ఇసుక మీద నిలబడలేరు. జీడిపళ్ళు చూడాలంటే మార్చి. కారుని రోడ్డు దింపి ఇసుకలోకి పోనివ్వకండి, చక్రం కూరుకుంటే ట్రాక్టరు రావాలి. వాడరేవు, రామాపురం, సూర్యలంక మూడు ఒడ్లూ చూడటానికి ఎంత ముద్దుగా ఉంటాయో లోపలి గుంజుడు అంత ఎక్కువ. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వద్దు. జీడిపప్పు వేటపాలెంలో కొనండి, గుండు కొనలేకపోతే బద్ద తీసుకోండి, రుచిలో తేడా లేదు.

ఇంకొక్క మాట. మనలో చాలామందికి ఊళ్ళో ఎకరమో అరెకరమో మిగిలి ఉంటుంది. అమ్ముకోవడం తప్పేమీ కాదు, అవసరాలు అందరికీ ఉంటాయి. అమ్మే ముందు ఒక్కసారి వెళ్ళి, ఆ నేల కింద నీళ్ళు ఎలా ఉన్నాయో, పక్కవాడి బావి ఎలా ఉందో కనుక్కోండి. ఫోనులో ధర తెలుస్తుంది గానీ నీళ్ళ రుచి తెలియదు.